రాత్రి పదకొండు దాటిన తర్వాత



మన పిల్లల చేతిలోని సెల్ ఫోనును గూర్చి ఈ మధ్య సంఘములలో వినిపించే మాటలన్నీ ఫిర్యాదులే. ఆరాధనలో పాట కోసమని బయటికి తీసి, ఆ చాటున ఇంకేదో చూస్తారని పెద్దలు అంటారు. అన్నం ముందు కూర్చుని కూడ తల ఎత్తరని తల్లులు అంటారు. ఈ మాటలలో అబద్ధమేమీ లేదు. అయితే అదే ఫోను ద్వారా, గంజాయికి అలవాటుపడిన కొందరు యౌవనస్థులతో మేము రెండేండ్లకు పైగా మాటలాడుతున్నాము. మా ఎదుట నిలబడి చెప్పలేనిది వారు దానిలో చెప్పారు. ఆ సంగతులు మన పల్లె కుటుంబములకు పనికివస్తాయని తోచి ఇది వ్రాస్తున్నాము.

మేమిద్దరము భార్యాభర్తలము. గోదావరి ప్రాంతములో ఒక ఉన్నత పాఠశాలలో ఒకరు లెక్కలు చెబుతారు. మరొకరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో నర్సు. మా సంఘములో యౌవనస్థుల కూడికను చాలా కాలముగా చూసుకుంటున్నాము. మేము వైద్యులము కాము, వ్యసన విముక్తి కేంద్రము నడిపేవారమూ కాము. మాకు తెలిసినంత వరకే చెబుతాము.

గంజాయి అనే మాట మన పెద్దలకు కొత్తది కాదు. సంతలో బైరాగి చిలుము పీల్చుతుంటే చూసినవారే. అది ఇంటి అబ్బాయి జేబులోనికి వస్తుందని మాత్రము ఎవరూ అనుకోలేదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలలోను, వాటి ఆవలి ఒడిశా కొండలలోను పండిన సరుకు జాతీయ రహదారి మీదుగా మా ప్రక్కనుండే దూర ప్రాంతములకు పోతుంది. 2021 చివరలో పోలీసువారు 'ఆపరేషన్ పరివర్తన' అనే పేరుతో ఏజెన్సీలో వేల ఎకరాల తోటలు నరికించి కాల్చివేశారు. అయినను పొట్లము దొరకడము లేదని మాతో ఏ అబ్బాయీ అనలేదు. కేంద్ర ప్రభుత్వము ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులచేత చేయించిన సర్వే 2019లో వెలువడింది. దేశములో 10 నుండి 75 ఏండ్ల వయస్సు వారిలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది, అంతకు ముందరి సంవత్సర కాలములో గంజాయి మొక్క నుండి వచ్చే ఏదో ఒక పదార్థమును వాడారని అది తెలిపింది. వీరిలో భంగు త్రాగేవారు కూడ ఉన్నారు. గంజాయి, చరస్ వాడేవారు సుమారు 1 కోటి 30 లక్షల మంది. మొత్తము మీద 72 లక్షల మందికి ఆ వాడకమే ఒక సమస్యయై, ఎవరో ఒకరి సహాయము కావలసి ఉన్నదట. ఇంత లెక్కలో మన ఊళ్ళ పిల్లలు లేకుండా ఎలా ఉంటారు?

"ఆకే కదా మాస్టారూ, సిగరెట్టు కన్నా మేలు" అని అబ్బాయిలు అంటారు. ఫోనులో వచ్చే చిన్న చిన్న వీడియోలు వారికి నేర్పినది ఇదే. మనిషి మెదడు దాదాపు 25 ఏండ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ వయస్సులో రోజూ పీల్చితే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. పీల్చిన వారందరూ బానిసలు కారు; పదిమందిలో ఒకరు అవుతారని, చిన్నతనములోనే మొదలుపెట్టిన వారిలో ఈ లెక్క ఇంకా ఎక్కువని వైద్యులు చెబుతారు. కొందరికి, ముఖ్యముగా ఇంటిలో మానసిక వ్యాధి ఉన్నవారికి, లేని శబ్దములు వినబడడము, అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారనే భయము మొదలవుతాయి. భయపెట్టుటకు ఇది చెప్పడము లేదు. భయపెట్టుట వలన ప్రయోజనము తక్కువని ముందుకు చదివితే మీకే తెలుస్తుంది.

మాకు మొదటి సందేశము పంపిన అబ్బాయి డిప్లొమా చదివి, హైదరాబాదులో ఇంటింటికి భోజనము అందించే పనిలో ఉన్నాడు. క్రిస్మస్‌కు ఊరికి వచ్చి వెనుక బల్లమీద కూర్చుని, "వందనములు మాస్టారూ" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మీదట జనవరిలో ఒక రాత్రి 11:40కి వాట్సాప్‌లో "మాస్టారూ, మేలుకునే ఉన్నారా?" అని వచ్చింది. "ఉన్నాము బాబూ" అని వ్రాశాము. తర్వాత పది నిమిషముల సేపు అవతల వ్రాస్తున్నట్టు కనబడుతుంది, ఆగిపోతుంది, మళ్ళీ కనబడుతుంది. చివరకు వచ్చినది ఇది: "నర్సమ్మగారిని ఒక మాట అడగాలి. గంజాయి మానేస్తే నిద్ర రాదా?"

మూడు రోజులుగా మానివేశాడట. నిద్ర లేదు, అన్నం సహించడము లేదు, ఒళ్ళంతా చెమటలు, గదిలో తోటివారిమీద కారణము లేని కోపము. కాసేపు కన్ను మూస్తే భయంకరమైన కలలు. ఇక తనకు పిచ్చి ఎక్కుతున్నదని నిశ్చయించుకుని, మళ్ళీ పొట్లము కొనుటకు బయలుదేరబోతూ మమ్మును అడిగాడు. ఇది పిచ్చి కాదని, రోజూ పీల్చేవారు ఒక్కసారిగా ఆపితే ఒకటి రెండు రోజులలో మొదలై మొదటి వారములో ఎక్కువగా బాధించి, రెండు మూడు వారములలో చాలావరకు తగ్గిపోతుందని, నిద్ర మాత్రము కుదుటపడుటకు ఇంకొంత కాలము పట్టవచ్చునని చెప్పాము. గంజాయి కోరికను పోగొట్టుటకు ప్రత్యేకమైన మాత్ర ఇంతవరకు లేదు. స్నానము చేయమన్నాము. సాయంత్రము తర్వాత టీ మానమన్నాము. రేపు రాత్రి ఇదే సమయములో ఎలా ఉన్నదో వ్రాయమన్నాము. ఆ చివరి మాటే అతనికి అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిందని తర్వాత చెప్పాడు.

పల్లెలో ఇటువంటి మాట ఎక్కడ మాట్లాడగలరు? గుడి అరుగు మీద అంటే నలుగురు వింటారు. ఇంటికి వస్తే, "వాడు మాస్టారి ఇంటికి ఎందుకు వెళ్ళాడు?" అని వీధంతా అడుగుతుంది. ఆరోగ్య కేంద్రములో అందరూ చుట్టాలే. ఫోనులో మాత్రము ముఖము కనబడదు, గొంతు వణుకు వినబడదు, వ్రాసినది తుడిచివేయవచ్చును. పైగా ఆ కోరిక పుట్టేది ఆదివారము పది గంటలకు కాదు. పని ముగిసి గదికి చేరిన తర్వాత, రాత్రి పదకొండు దాటాక. ఆ సమయములో అతని చేతిలో మనము ఉండము, ఫోను ఉంటుంది.

ఆ అబ్బాయి ద్వారా మరొకరు, వారి ద్వారా ఇంకొకరు. ఇప్పటికి ఏడుగురు. అందరూ 18 నుండి 25 ఏండ్ల లోపువారే. రాజమహేంద్రవరములో చదివేవారు ఇద్దరు, హైదరాబాదులో పనిచేసేవారు ముగ్గురు, ఊళ్ళో ఉన్నవారు ఇద్దరు. వారితో మేము అడిగే ప్రశ్న ఒకటున్నది. వ్యసనములకు సలహా ఇచ్చేవారు దీనిని చాలా దేశములలో వాడుతారు. ఒక అబ్బాయితో జరిగిన మాటలు అతని అనుమతితో ఇక్కడ ఇస్తున్నాము.

"మానాలని నీకు పదికి ఎంత ఉంది బాబూ?"

"మూడు."

"సున్నా ఎందుకు కాలేదు?"

చాలాసేపు జవాబు లేదు. తర్వాత ఇలా వచ్చింది: "మొన్న సిగ్నల్ దగ్గర ఏ రంగు పడిందో తెలియక బండి మీద అలాగే ఉండిపోయాను. వెనుక బస్సు హారన్ కొట్టింది. చెల్లి పెళ్ళికి నేనే డబ్బు పంపాలి."

పది ఎందుకు కాలేదని అడిగి ఉంటే అతడు సాకులు చెప్పి ఉండేవాడు. సున్నా ఎందుకు కాలేదని అడిగితే, తనకు తానే కారణము చెప్పుకోవలసి వచ్చింది. మనము వంద మాటలు చెప్పినా ఆ బస్సు హారన్ మనకు తోచేది కాదు.

తర్వాత ప్రతి రాత్రి అతడు ఒక అంకె మాత్రమే పంపేవాడు. మాట లేదు, వందనము లేదు. ఆ రోజు ఎన్నిసార్లు పీల్చాడో ఆ అంకె. 5, 5, 4, 6, 4, 3. ఆదివారము రాత్రి మేము గళ్ళ కాగితము మీద ఆ అంకెలు గుర్తించి గీత గీసి, ఫోటో తీసి పంపేవారము. లెక్కల మాస్టారికి వచ్చిన విద్య అదే కదా! గీత పైకి లేచిన రోజున ఏమి జరిగిందని అడిగితే, జీతము వచ్చిన రోజని, పాత స్నేహితుడు గదికి వచ్చాడని అతడే పట్టుకునేవాడు. ఉదయము లేవగానే పీల్చేది సాయంత్రమునకు జరపడము, వారానికి సరిపడ ఒకేసారి కొని దాచుకోకపోవడము, వారములో ఒక రోజు పూర్తిగా లేకుండా గడపడము, ఆ స్నేహితుడు వచ్చే గంటకు క్రికెట్ ఆడటానికి వెళ్ళిపోవడము. ఇవన్నీ చిన్న పనులు, కాని నాలుగు నెలలలో ఆ గీత కాగితము అడుగుకు వచ్చింది.

ఇక్కడ మా సంఘ పెద్దలలో ఒకరు గట్టిగా అభ్యంతరము చెప్పారు. "తగ్గించమనడమేమిటి? తప్పు తప్పే. సగము దొంగతనము చేయమని ఎవరికైనా చెబుతామా?" అన్నారు. ఆయన మాటను మేము తేలికగా తీసుకోలేదు. చివరకు పూర్తిగా మానడమే మంచిదని మేమూ నమ్ముతాము, అబ్బాయిలతో అదే చెబుతాము. కాని రోజుకు ఆరుసార్లు పీల్చేవానితో రేపటి నుండి ఒక్కటీ వద్దంటే, నాలుగవ రోజున ఓడిపోయి, మన ముఖము చూడలేక మన నంబరు తీసివేస్తాడు. ఆరు నుండి మూడుకు వచ్చినవాడు మరుసటి రాత్రి కూడ మనతో మాటలాడతాడు. జ్వరము 104 నుండి 101కి దిగితే, ఇంకా జ్వరమే కదా అని ఏ నర్సూ రోగిని గద్దించదు. పెద్దాయన ఈ మాటకు ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆయనతో మాకు ఉన్న గౌరవము, స్నేహము మాత్రము అలాగే ఉన్నాయి.

సంఘము పెద్ద గ్రూపులో ఏమి జరుగుతుందో మీకు తెలియనిది కాదు. పొద్దున్నే పువ్వుల బొమ్మలతో శుభోదయములు, ఎక్కడినుండో వచ్చిన పుర్రె బొమ్మ, దాని క్రింద మాదకద్రవ్యములు మరణమునకు దారి అనే అక్షరములు. దానిని అందరికీ పంపమని ఆజ్ఞ. మా ఏడుగురిని అడిగితే, ఆ బొమ్మలు వచ్చినప్పుడు వ్రేలితో ప్రక్కకు నెట్టివేస్తామని అందరూ చెప్పారు. ఒకడు, "అది చూస్తే ఇంకా పీల్చాలనిపిస్తుంది మాస్టారూ" అని కూడ అన్నాడు. వారు చదివేవి తమ పేరు పెట్టి వ్రాసినవి. సగము వ్రాసి మిగతాది వారు వ్రాయునట్లు విడిచిపెట్టినవి. ఇంకొకటి: నర్సమ్మగారి గొంతుతో వచ్చే అర నిమిషము మాట. దానిని రెండు మూడుసార్లు వింటామని చెప్పారు.

ఏడుగురితోను విడివిడిగానే మాటలాడుతాము. వాట్సాప్ గ్రూపులో చేరితే ఒకరి నంబరు మరొకరికి కనబడుతుంది. మన ఊళ్ళలో నంబరు తెలిస్తే మనిషి తెలిసినట్టే. రెండవ సంవత్సరము వారిలో నలుగురు, ఒకరి సంగతి ఒకరికి ముందే తెలుసు గనుక, తమంతట తామే ఒక గ్రూపు పెట్టుకున్నారు. దానికి 'సాయంత్రం క్రికెట్' అని పేరు పెట్టారు. ఎవరి ఫోను ఎవరు చూసినా ఆటల గ్రూపే అనుకుంటారు. సందేశములు వారము తర్వాత వాటంతట అవే తుడిచిపోయేలా అమర్చుకున్నారు.

ఇంత జాగ్రత్త దేనికని మీరు అడగవచ్చును. ఒక అబ్బాయి స్నానమునకు వెళ్ళినప్పుడు అతని బావ ఫోను తీసి చూశాడు. చూసి ఊరుకోలేదు, ఆ మాటలను ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. కుర్రవానిని బాగుచేయాలనే ఉద్దేశముతోనే పెట్టానన్నాడు. అప్పటికి ఆ అబ్బాయి నలభై రోజులుగా ముట్టలేదు. కుదరబోతున్న సంబంధము ఆగిపోయింది. మూడు నెలలు అతడు గుడికి రాలేదు, మాకు జవాబు ఇవ్వలేదు. తల్లి మా ఇంటికి వచ్చి, "నా కొడుకు మానేశాడన్న సంగతి ఎవరూ ఫోటో తీయలేదు సిస్టరమ్మా" అని ఏడ్చింది.

ఈ సంగతి జరిగిన తర్వాతనే కొందరు పెద్దలు మమ్మును ఆ ఏడుగురి పేర్లు వ్రాసి ఇమ్మన్నారు. ప్రార్థన కోసమే అన్నారు. వారి ఉద్దేశమును మేము శంకించడము లేదు. పేర్లు మాత్రము ఇవ్వలేదు, ఇవ్వము. ఈ విషయములో మా సంఘము ఇంకా ఒక మాట మీదికి రాలేదు.

అమెరికాలో మిచిగన్ విశ్వవిద్యాలయము వారు ఇటువంటి పనినే పరిశోధనగా చేశారు. 18 నుండి 25 ఏండ్ల వయస్సు వారిని ఫేస్‌బుక్‌లో బయటివారికి కనబడని గుంపులుగా చేర్చి, శిక్షణ పొందిన సహాయకులచేత 8 వారములు రోజూ మాటలాడించారు. ఉపదేశము తక్కువ, ప్రశ్నలు ఎక్కువ, నిద్ర గురించి, దిగులు గురించి, తీరిక వేళ గురించి. ఆశ ఉన్నదనే వారు చెప్పారు గాని అద్భుతము జరిగిందనలేదు. ఒక తేడా మనము మరువరాదు. మిచిగన్ రాష్ట్రములో 2018లో ప్రజలే ఓటు వేసి 21 ఏండ్లు నిండినవారికి గంజాయిని చట్టబద్ధము చేసుకున్నారు. అక్కడి కుర్రవాడు తాను పీల్చుతానని వ్రాస్తే పోలీసు భయము అంతగా ఉండదు. మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము పీల్చడము కూడ నేరమే. ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చును. 20 కిలోలకు మించి రవాణా చేస్తూ దొరికితే శిక్ష పదేండ్లకు తక్కువ ఉండదు. 'ఈ సంచి రైలులో దించితే చాలు' అనే మాటకు లొంగిన పిల్లలకు ఈ సంగతి తెలియదు. వారికి తెలియని ఇంకొక సంగతి కూడ అదే చట్టములో ఉన్నది: అలవాటుపడినవాడు వాడకము కేసులోగాని కొద్దిపాటి సరుకు కేసులోగాని చిక్కితే, తనంతట తాను ప్రభుత్వ లేక గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి దానిని పూర్తి చేసినప్పుడు విచారణ నుండి రక్షణ పొందవచ్చును. దీనిని మేము మా ఏడుగురికీ పంపాము. అందరికన్నా ఎక్కువ జవాబులు వచ్చిన సందేశము అదే.

ఫోనుతో కాని పనులు ఉన్నాయి. ఊళ్ళో ఉన్న ఇద్దరిలో ఒకడు, గోడ అవతల ఎవరో తన పేరు పిలుస్తున్నారని వ్రాయసాగాడు. దానికి ఎదురు ప్రశ్నలు వేయలేదు; తెల్లవారగానే తల్లిదండ్రులతో మాటలాడి, విశాఖపట్నము చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రికి తీసుకుని వెళ్ళాము. ముందుగా అబ్బాయికి చెప్పే ఆ పని చేశాము. చచ్చిపోవాలని వ్రాసినా, లేని మాటలు వినబడుతున్నాయని వ్రాసినా గుట్టు కాపాడమని మొదటి రోజే అందరికీ చెప్పి ఉంచాము. అతడిప్పుడు మందులు వాడుతున్నాడు, తండ్రితో రొయ్యల చెరువుకు వెళుతున్నాడు.

దూరములో కొడుకులున్న తల్లులు మమ్మును అడుగుతుంటారు, ఏమి వ్రాయాలని. "తాగావా? పీల్చావా?" అని రోజూ అడిగితే అబద్ధము చెప్పుట నేర్పినట్లే. అక్షరములు వ్రాయరాని ఒక తల్లి రోజూ రాత్రి తాను వండిన కూర ఫోటో తీసి పంపుతుంది. జవాబుగా కొడుకు తాను తిన్నది ఫోటో తీసి పంపాలి. పంపని రోజున ఆమె ఫోను చేస్తుంది. మేము చెప్పినది కాదు, ఆమెకే తోచింది. నిజము చెప్పాలంటే మా గళ్ళ కాగితము కన్నా ఇది మేలు.

మాటలాడుటకు మనిషి దొరకని చోట ఉన్నవారి కొరకు రెండు నంబర్లు. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446. మనస్సు కలత చెందినప్పుడు 14416, టెలి మానస్. 2022 అక్టోబరులో మొదలైన ఇందులో రాత్రింబగళ్ళు తెలుగులో మాటలాడవచ్చును.

ఏడుగురిలో ఇద్దరు ఏడాదికి పైగా ముట్టలేదు. ముగ్గురు బాగా తగ్గించారు. వారిలో ఒకని అంకె పండుగలకు మళ్ళీ లేస్తుంది. ఒకడు చికిత్సలో ఉన్నాడు. ఇంకొకడు మా నంబరును ఆపివేశాడు. అతనికి పంపినవాటి ప్రక్క ఒక్క టిక్కు మాత్రమే పడుతుంది, రెండవది పడదు. నెలకొకసారి పంపుతూనే ఉన్నాము.

శనివారము రాత్రి సందేశములు ఎక్కువ. ఆ రోజు మాలో ఒకరము తొమ్మిదింటికే పడుకుంటాము. ఒంటిగంటకు రెండవవారు లేపి ఫోను చేతికిచ్చి, ఎవరికి ఎంతవరకు జవాబు వెళ్ళిందో చెప్పి నిద్రపోతారు.